ఫ్రాంచైజీ ఇవ్వబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

నీ టిఫిన్ సెంటర్ పేరు మీద ఫ్రాంచైజీలు ఇస్తున్నావనీ, అప్పుడే గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి అడుగుతున్నారనీ అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కూకట్‌పల్లిలో మొదటి షాపు పెట్టినప్పటి నుంచీ నీ కష్టం చూస్తున్నవాణ్ణి. నువ్వు పంపిన ఒప్పందం డ్రాఫ్టు జాగ్రత్తగా చదివాను. రేపు కేసు పడితే ఎలా గెలవాలన్నదాని మీదే అందులో శ్రద్ధంతా కనిపించింది. అసలు కేసు పడకుండా చూసుకునే మాటలు తక్కువ. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

సివిల్ కోర్టుల్లో ఇన్నేళ్ళు ప్రాక్టీసు చేశాను. పేరు ఇచ్చినవాళ్ళ తరఫునా, తీసుకున్నవాళ్ళ తరఫునా నిలబడ్డాను. నష్టం వచ్చినంత మాత్రాన ఎవడూ కోర్టు మెట్లెక్కడు. వ్యాపారమన్నాక నష్టం ఉంటుందని వాడికీ తెలుసు. తను మునిగిపోతుంటే నువ్వు మాత్రం సంపాదిస్తూనే ఉన్నావని తెలిసిన రోజున వస్తాడు.

కాబట్టి ముందు నీ రాబడి ఎక్కణ్ణించి వస్తోందో చూసుకో. ఫీజు ముందే తీసుకుంటున్నావు. ఇంటీరియర్స్ నువ్వు చెప్పిన కాంట్రాక్టరే చేయాలి. పిండి, పొడులు, ప్యాకింగ్ డబ్బాలు అన్నీ నీ దగ్గరే, నువ్వు పెట్టిన ధరకే కొనాలి. అమ్మకాల మీద వచ్చే రాయల్టీ వీటన్నిటికంటే తక్కువ! అంటే షాపు నడిచినా మూతపడినా నీకు రావలసినదాంట్లో ఎక్కువ భాగం వచ్చేసినట్టే. అమెరికాలో క్విజ్నోస్ అనే శాండ్‌విచ్ కంపెనీకి ఒకప్పుడు దాదాపు 5 వేల షాపులుండేవి. కంపెనీ చెప్పినచోటే ఎక్కువ ధరకు సరుకు కొనాల్సి వస్తోందని షాపులవాళ్ళు కలిసికట్టుగా దావాలు వేశారు. కంపెనీ భారీగా చెల్లించి రాజీపడింది. అయినా షాపులు మూతపడుతూనే వచ్చాయి, 2014లో కంపెనీయే దివాలా పిటిషన్ వేసుకుంది. రుచి నిలబడటానికి పొడులు నీ దగ్గరే కొనమను, అందులో న్యాయం ఉంది. డబ్బాలూ టిష్యూలూ ఎక్కడైనా కొనుక్కోనివ్వు. సరుకు మీద నీకు మిగిలేదెంతో కాగితం మీద చెప్పెయ్యి. ఫీజు తగ్గించి, రాయల్టీ మీద బతకడం అలవాటు చేసుకో.

ఇక నువ్వు చెప్పే మాటలు. బ్రోచర్లో ‘18 నెలల్లో పెట్టుబడి వెనక్కి’ అని వేయించావు. ఆ లెక్క ఏ షాపుది? కూకట్‌పల్లి షాపుదైతే అక్కడ అద్దె పాతది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నువ్వు. కరీంనగర్‌లో జీతానికి మేనేజర్‌ని పెట్టుకునేవాడికి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 18వ సెక్షన్ ఒకసారి చదువు. చాలినంత ఆధారం లేకుండా నిజం కాని సంగతి గట్టిగా చెబితే, నువ్వు దాన్ని నిజమని నమ్మి చెప్పినా సరే, అది తప్పుడు ప్రకటన కిందికే వస్తుంది. దాన్ని నమ్మి సంతకం పెట్టినవాడు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. చాలామంది సివిల్ కోర్టు దాకా కూడా ఆగరు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద చీటింగ్ కేసు పెట్టమని నేరుగా పోలీస్ స్టేషన్‌కి పోతారు. కమిషన్ మీద ఫ్రాంచైజీలు అమ్మిపెట్టే మధ్యవర్తుల్ని పెట్టుకుంటానన్నావట. వద్దు నాన్నా. వాళ్ళు నోటితో చెప్పే ప్రతి అంకెకీ జవాబుదారీ నువ్వే.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో 1979 నుంచీ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూలు ఉంది. సంతకానికి, డబ్బు పుచ్చుకోవడానికి కనీసం 14 రోజుల ముందు 23 అంశాల వెల్లడి పత్రం చేతికివ్వాలి. కంపెనీ మీదున్న కేసులు, అన్ని ఖర్చులు, ఇప్పుడు షాపులు నడుపుతున్నవాళ్ళ ఫోన్ నంబర్లు, ఈమధ్య మానేసినవాళ్ళ వివరాలు కూడా అందులో ఉండాలి. మనకు రూలు లేకపోయినా నువ్వు అలాగే చెయ్యి. నీ మూడు షాపుల అసలు లెక్కలు నెలవారీగా ఇవ్వు. కొండాపూర్‌లో మూసేసిన షాపు సంగతి కూడా రాయి, ఎందుకు మూశావో చెప్పు. తెలుగులో కూడా ఒక ప్రతి ఇచ్చి, ఇంటికి తీసుకెళ్ళి భార్యతోనూ ఆడిటర్‌తోనూ చదివించుకోమను. రిటైర్మెంట్ డబ్బంతా, లేదా పొలం అమ్మిన డబ్బంతా తెచ్చి ఇందులోనే పెడతానన్నవాడికి ఇవ్వకు. అది పోతే వాడికి కోర్టు తప్ప దిక్కుండదు, అంతకుముందు ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు నిద్రలేకుండా గడుస్తాయో నేను చూశాను.

ఏరియా విషయంలో ‘2 కిలోమీటర్ల లోపు ఇంకొకరికి ఇవ్వం’ అని రాశావు. మరి స్విగ్గీ, జొమాటో ఆర్డర్ల మాటేమిటి? రేపు పక్క కాలనీలో నువ్వే క్లౌడ్ కిచెన్ పెడితే? ఇప్పటి తగాదాలు ఇక్కడే మొదలవుతున్నాయి. ఏ పిన్‌కోడ్ ఆర్డరు ఏ షాపుకు పోతుందో రాసుకోండి.

పేరుకు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఇంకా పెండింగులో ఉందని విన్నాను. హోటల్‌కి 43వ క్లాసులో, పొడులకు 30వ క్లాసులో వచ్చేదాకా ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకు.

విడిపోయేటప్పటి షరతుల మీద ఎక్కువసేపు కూర్చో. ఉత్తర భారతంలోని మెక్‌డొనాల్డ్స్ షాపుల్లో ఆ కంపెనీకీ, అక్కడి భాగస్వామి విక్రమ్ బక్షీకీ 1995 నుంచి సగం సగం వాటా ఉండేది. 2013లో ఆయన్ని మేనేజింగ్ డైరెక్టర్‌గా తప్పించడంతో గొడవ కోర్టుకెక్కింది. కంపెనీ లా ట్రిబ్యునల్, లండన్‌లో ఆర్బిట్రేషన్, ఢిల్లీ హైకోర్టు అన్నీ తిరిగారు. 2017లో లైసెన్సుల గడువు తీరిపోయి ఢిల్లీలో 55 షాపుల్లో 43 మూతపడ్డాయి. ఆ ఆగస్టులోనే 169 షాపుల ఫ్రాంచైజీ రద్దు చేశారు. రాజీ కుదిరింది 2019లో. అంత పెద్దవాళ్ళకే ఆరేళ్ళు పట్టింది. నీ డ్రాఫ్టులో ‘నోటీసు లేకుండా ఎప్పుడైనా రద్దు చేయవచ్చు’ అన్న వాక్యం ఉంది, దాన్ని తీసెయ్యి. తప్పేమిటో రాతపూర్వకంగా చెప్పి, దిద్దుకోవడానికి నెల రోజులు ఇవ్వు. మానుకుంటానంటే షాపు ఇంకొకరికి అమ్ముకునే దారి, మిషన్లు నువ్వే వెనక్కి కొనే ధర ముందే రాసిపెట్టు.

ఒప్పందం ముగిశాక మూడేళ్ళు టిఫిన్ వ్యాపారమే చేయకూడదన్న షరతు నిలవదు. ఒప్పందం నడిచినంతకాలం అలాంటి ఆంక్ష చెల్లుతుందని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకా కోలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముగిశాక మాత్రం కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అడ్డొస్తుంది. దాని బదులు నీ పేరు, బోర్డు, పొడి పాళ్ళు వాడకూడదని రాయి. ఆర్బిట్రేటర్‌ని నువ్వొక్కడివే నియమిస్తావన్న మాట కూడా చెల్లదు. 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు నుంచీ అది స్పష్టంగానే ఉంది. ఇద్దరూ కలిసి ఒప్పుకున్న మీడియేటర్ దగ్గర మొదట కూర్చోవాలని రాస్తే మేలు. ఎలాగూ 3 లక్షలు దాటిన ఫ్రాంచైజీ తగాదా కమర్షియల్ కోర్టుకు పోతుంది. అత్యవసర ఉత్తర్వులు కావాల్సి వస్తే తప్ప, అక్కడ దావాకి ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

షాపులు ఇచ్చాక నెలకోసారి ప్రతి షాపుకూ నువ్వే వెళ్ళు. అమ్మకాలు పడిపోతున్న షాపులో కొన్నాళ్ళు రాయల్టీ ఆపు, నీ మనిషిని పంపి వంటగది చూడమను. వాళ్ళు రాసిన ప్రతి ఫిర్యాదుకూ వారంలోగా జవాబివ్వు.

గుంటూరువాళ్ళు అడ్వాన్స్ పట్టుకొస్తామంటున్నారట, ఇప్పుడే తీసుకోవద్దు. ముందు ఆ మూడు షాపుల లెక్కలూ, మూసేసినదాని లెక్కా నాకు పంపు. డ్రాఫ్టు నేను దిద్ది ఇస్తాను. అది వాళ్ళ చేతికిచ్చి, రెండు వారాలు ఆగి, అప్పుడు పిలుద్దువుగాని.

అమ్మాయికీ పిల్లలకీ నా ఆశీస్సులు.

ప్రేమతో,
మామయ్య