తప్పటడుగుల పాఠములు

పంచాయతీ సభ్యులకు వీధిదీపములను గూర్చి, మురుగుకాలువలను గూర్చి, ఇంటిపన్నులను గూర్చి చెప్పువారు పలువురు కలరు. ఈ మాసము మేము మూడడుగుల ఎత్తైనను లేని ఒక గ్రామపౌరుని గూర్చి మనవి చేయదలచితిమి. ఆయన వయస్సు ఏడాదిన్నర. ఓటు లేదు, పన్ను కట్టడు, ఎవరి మాటయు వినడు. అయినను ఇంటిలో ఆయన తీర్మానమునకు తిరుగులేదు.

తాతగారి కళ్లజోడు బియ్యపు డబ్బాలో దొరకును. ఒక కాలికి నాన్న చెప్పు, రెండవ కాలికి నాయనమ్మ చెప్పు తొడిగి ఆయన వీధిలోనికి బయలుదేరును. చేతికిచ్చిన గ్లాసును పదిమార్లు క్రింద పడవేయును. తల్లికి ఇది అల్లరి. బిడ్డకు ఇది పరీక్ష. పడినప్పుడెల్ల చప్పుడగునా? పడినప్పుడెల్ల అమ్మ వచ్చునా? ఈ రెండు సంగతులు తేలువరకు గ్లాసునకు విశ్రాంతి లేదు. ఆ వయస్సున చదువనగా ఇదియే.

బిడ్డలకంటె పెద్దలు మరింత వినోదము కలిగింతురు. అరుగుమీద ఇద్దరు తల్లులు కలసికొన్నచో సంభాషణ ఇట్లు సాగును: "మావాడు పదో నెలకే నడిచాడు వదినా." "మా పిల్ల తొమ్మిదో నెలలోనే నడిచిందమ్మా." ప్రక్కనున్న అవ్వ ఊరుకొనదు: "నడకదేముందే, మా పెద్దాడు ఎనిమిదో నెలలో పరుగే ఎత్తాడు!" ఆ పరుగెత్తిన మహానుభావుడు నేడు ప్రక్కవీధికైనను మోటారుసైకిలు లేనిదే కదలడు.

ఈ వివాదమునకు లెక్క కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశముతో సహా ఐదు దేశముల పిల్లలను పరిశీలింపజేసి 2006లో ఫలితములను ప్రకటించినది. ఆరోగ్యముగా పెరుగు పిల్లలు ఆసరా లేకుండ నడచుట ఎనిమిది నెలలు దాటినది మొదలు పదునేడున్నర నెలల వరకు ఎప్పుడైనను జరుగవచ్చునని తేలినది. ముందు నడచినవానికి బహుమానము లేదు. వెనుక నడచినవానికి అపరాధము లేదు. పదునెనిమిది నెలలు నిండినను నడువని బిడ్డను మాత్రము వైద్యునకు చూపవలెను.

భోజనఘట్టము ఇంకను రమ్యము. తల్లి గిన్నె పట్టుకొని వీధి పొడవునను తిరుగును. కోడిని చూపును, చందమామను చూపును, తుదకు సెల్‌ఫోను చూపును. "ఏమీ తినడు" అని వాపోవును. సంగతి ఏమనగా, మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి సుమారు తొమ్మిది కిలోలగును. రెండవ ఏట పెరుగునది రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. కనుక ఆకలి కొంత నెమ్మదించుట సహజము. మొదటి ఏటి వేగమే సాగినచో రెండవ పుట్టినరోజునకు ఇరువదియేడు కిలోలు తూగవలెను! అప్పుడు ఎత్తుకొనువారెవరు?

అయితే నవ్వి విడువదగనిది ఒకటి కలదు. నిజముగా చిక్కిపోవు బిడ్డయు తల్లికి ముద్దుగానే కనబడును. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! అందువలన పొరుగుబిడ్డను కొలబద్దగా గొనరాదు, త్రాసును నమ్మవలెను. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద ఏర్పడిన అంగన్‌వాడీ కేంద్రములలో నెలనెల బిడ్డల బరువు తూచుదురు. ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు బిడ్డకు దండచేయి చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లకు తగ్గినచో పోషణ చాలలేదని గ్రహింపవలెను. పదకొండున్నరకు తగ్గినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

ఇది ఆడవారి పని, పంచాయతీకేమి సంబంధమని కొందరు అడుగవచ్చును. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో స్త్రీ శిశు అభివృద్ధి 25వ అంశము. కనుక సభ్యులు ఈ క్రింది పనులు చేయదగును:

1. తూకము వేయు దినమున ఇద్దరు సభ్యులు కేంద్రమునకు పోయి, రాని బిడ్డల ఇండ్లకు కబురంపవలెను.

2. గట్టులేని బావులకు గట్టు, నీటితొట్లకు మూతలు ఏర్పరుపవలెను. తప్పటడుగులవానికి జానెడు నీరున్న బకెట్టుకూడ ప్రాణాపాయమే.

3. పురుగుమందును, కిరోసినును కూల్‌డ్రింకు సీసాలలో పోసి క్రింద ఉంచరాదని గ్రామసభలో చాటవలెను. బిడ్డ ప్రతి సీసాను నోటితోనే పరీక్షించును.

పరిశోధన బిడ్డ హక్కు. ఆ పరిశోధనవలన ప్రాణము పోకుండ చూచుట పెద్దల విధి. రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుదురని ఆశించుచున్నాము. చర్చ "మా మనుమడు" అను మాటతో దారి తప్పినచో, సర్పంచిగారు సభ్యులను వెంటనే అసలు విషయమునకు మరల్పవలెను. ఆ మాట తమ నోటనే వెలువడినను సరియే.