లీటరు పెట్రోలు ఎంతదూరం లాగుతుంది?

ముందుగా ఒక చిన్న లెక్క. పెదనాన్నగారి ఇంట్లో ఏడుగురు కూర్చునే పెద్ద కారు ఉంది. ఊళ్ళో లీటరుకు 8 కిలోమీటర్లు ఇస్తుంది. బాబాయిగారి చిన్న కారు 16 ఇస్తుంది. ఇద్దరూ శ్రద్ధ తీసుకున్నారు. పెద్ద కారు 8 నుంచి 10కి, చిన్న కారు 16 నుంచి 20కి పెరిగాయి. ఇద్దరూ నెలకు 1000 కిలోమీటర్లు తిరుగుతారు. ఎవరికి ఎక్కువ పెట్రోలు మిగిలింది?

బాబాయిగారికే అని తొందరపడకండి. కాగితం తీసి భాగించండి. పెద్ద కారుకు 125 లీటర్లు పట్టేచోట 100 పట్టాయి. 25 లీటర్లు మిగిలాయి. చిన్న కారుకు 62.5 పట్టేచోట 50, మిగిలింది 12.5 మాత్రమే. సరిగ్గా సగం! మైలేజీ అంకె ఇలా కన్ను కప్పుతుందని 2008లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 'సైన్స్' పత్రికలో రాశారు. 2013 మోడళ్ళ నుంచి అక్కడి కొత్త కార్ల చీటీపై గాలనుకు ఎన్ని మైళ్ళో కాక, వంద మైళ్ళకు ఎన్ని గాలన్లో కూడా ముద్రిస్తున్నారు.

కాబట్టి పొదుపు మొదలు పెట్టవలసింది పెద్ద కారుతోనే. ఎలాగో మీ భౌతికశాస్త్ర పుస్తకమే చెబుతుంది.

లీటరు పెట్రోలులో సుమారు 320 లక్షల జౌళ్ళ శక్తి ఉంటుంది. అందులో చక్రాలకు చేరేది దాదాపు నాలుగో వంతు. మిగిలినది రేడియేటరు నుంచీ పొగగొట్టం నుంచీ వేడిగా పోతుంది. అంటే మన చేతికి వచ్చేది 80 లక్షల జౌళ్ళు. ఇక పని = బలం × దూరం అని మీకు తెలుసు. కారును ముందుకు నెట్టడానికి కావలసిన బలంతో 80 లక్షలను భాగిస్తే లీటరుకు ఎన్ని మీటర్లో వచ్చేస్తుంది. మైలేజీ అంటే ఇంతే!

జనంతో కలిపి 2000 కిలోల కారు అనుకుందాం. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో దాన్ని టైర్లు ఇంచుమించు 240 న్యూటన్లతో, గాలి 260 న్యూటన్లతో వెనక్కి లాగుతాయి. మొత్తం 500. భాగించండి: 16,000 మీటర్లు, అంటే 16 కిలోమీటర్లు. ఇప్పుడు వేగం 108కి పెంచుదాం. టైర్ల బలం అంతగా మారదు. గాలి అలా కాదు, దాని నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే అది రెండుంపావు రెట్లు, అనగా 585 న్యూటన్లు. ఇప్పుడు మొత్తం 825. మైలేజీ 10 కిలోమీటర్ల లోపుకు దిగిపోయింది! వంద కిలోమీటర్ల దారిలో దాదాపు 28 నిమిషాలు ముందు చేరడానికి నాలుగు లీటర్లు అదనంగా కాల్చామన్నమాట. నన్నడిగితే ఆ బేరం గిట్టదు. చమురు కరువు వచ్చినప్పుడు అమెరికా కూడా ఈ లెక్కనే పట్టుకుంది. 1974లో వేగాన్ని గంటకు 55 మైళ్ళకు, అంటే 88 కిలోమీటర్లకు కట్టడి చేసింది. ఆ చట్టం 1995 వరకు నడిచింది.

మరి ఊళ్ళో మెల్లగానే పోతాం కదా, 8 మాత్రమే ఎందుకొస్తుంది? దొంగ బ్రేకులో ఉన్నాడు. 72 కిలోమీటర్ల వేగంలో మన కారు గతిజ శక్తి 4 లక్షల జౌళ్ళు. ఒక్కసారి బ్రేకు తొక్కి ఆపితే అదంతా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. 80 లక్షల్లో 4 లక్షలంటే ఇరవయ్యో వంతు, అనగా 50 మిల్లీలీటర్ల పెట్రోలు. వేగం 36 అయితే నష్టం నాలుగో వంతే, కాని ఊళ్ళో ఎన్నిసార్లు ఆగుతామో లెక్కపెట్టి చూడండి. అందుకే దూరాన ఎర్రదీపం కనబడగానే ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీయాలి. గేరులో ఉండగా కాలు తీస్తే నేటి ఇంజన్లు పెట్రోలు చిమ్మడం దాదాపు ఆపేస్తాయి. ఉన్న శక్తితోనే కారు కొంతదూరం పోతుంది. అయితే దిగుడులో ఇంజను ఆపడం మాత్రం ప్రాణాంతకం. ఇంజను ఆగితే కాసేపటికి బ్రేకు బిగుసుకుపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది.

రైలు గేటు దగ్గర ఇంజను ఆడిస్తూ కూర్చుంటే మైలేజీ సున్నా. టైర్లలో గాలి తగ్గితే రబ్బరు ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది. ఆ వేడి కూడా పెట్రోలు నుంచి వచ్చిందే. ఎంత గాలి ఉండాలో చాలా కార్లకు డ్రైవరు తలుపు పక్కన రాసి ఉంటుంది. ప్రయాణానికి ముందు, టైర్లు చల్లగా ఉండగా చూడాలి. అమ్మమ్మ ఇచ్చిన పాతిక కిలోల బియ్యం బస్తా గురించి బెంగ వద్దు, అది పెంచేది మూడు న్యూటన్లే! కప్పు మీది ఖాళీ కారియరు మాత్రం ప్రతి కిలోమీటరూ గాలితో కుస్తీ పడుతుంది. పని లేనప్పుడు విప్పేయించండి.

ఇంకో వింత. లీటరు పెట్రోలు బరువు కిలో కన్నా తక్కువ. అది కాలితే పుట్టే కార్బన్ డయాక్సైడు సుమారు 2.3 కిలోలు! అదనపు బరువు గాలిలోని ఆక్సిజనుది. పెదనాన్నగారు మిగిల్చిన 25 లీటర్ల వల్ల నెలకు 57 కిలోల వాయువు పుట్టకుండా ఆగింది.

ఇక మీ వంతు. ఒకనాడు ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, మీటరు అంకె రాసుకోండి. కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ నిండా పోయించండి. ఈసారి పట్టిన లీటర్లను తిరిగిన కిలోమీటర్లతో భాగించి 100తో గుణించండి. తర్వాతి ట్యాంకు అయ్యేవరకు పై జాగ్రత్తలు పాటించమని ఇంట్లో అడిగి, మళ్ళీ కొలవండి.