బ్రౌజరులో స్క్రిప్టు ఎలా నడుస్తుంది?



మలికిపురం నెట్ సెంటరులో 'లేఖిని' పేజీ మొదటిసారి చూసినప్పుడు మేము ఆశ్చర్యపోయాము. ఇంగ్లీషు కీలు కొడుతుంటే తెలుగు వచ్చేది. వెన్న నాగార్జున గారి 'పద్మ' ఆధారంగా వీవెన్ గారు 2006లో దీనిని రూపొందించారు. ఇది జావాస్క్రిప్టుతో పనిచేస్తుంది. అంటే మార్పిడి ఎక్కడో సర్వరులో కాదు, మన ముందున్న బ్రౌజరులోనే జరుగుతుంది. ప్రతి కీకీ సర్వరు దాకా వెళ్లి రావాలంటే ఆనాటి నెట్ వేగానికి ఒక్క వాక్యం కూడా సాగేది కాదు.

జావాస్క్రిప్టును 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ తయారుచేశారు. దీనిని నడపడంలో ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి.

1. ఒక్కరే పని: పేజీలో స్క్రిప్టు నడపడం, బొమ్మ గీయడం ఒకే వరుసలో సాగుతాయి. కుక్ గారే వండి, కుక్ గారే వడ్డించినట్లు! గందరగోళం ఉండదు. కానీ వంట ఆలస్యమైతే వడ్డన ఆగుతుంది, పేజీ బిగుసుకుంటుంది. అందుకే 'వెబ్ వర్కర్లు' వచ్చాయి. ఇవి కూరలు తరిగి ఇచ్చే కామాటి వంటివి. వడ్డన జోలికి, అంటే పేజీ జోలికి, నేరుగా పోవు.

2. వేగమా, మెమరీయా: కోడును అప్పటికప్పుడు చదువుతూ నడిపితే పని వెంటనే మొదలవుతుంది. యంత్రభాషలోకి మారిస్తే వేగం పెరుగుతుంది, కానీ మెమరీ ఎక్కువ తింటుంది. 2008లో వచ్చిన క్రోమ్ లోని 'వి8' నేరుగా యంత్రభాషలోకి మార్చేది. చిన్న ఫోన్లలో మెమరీ ఆదా కోసం 2017లో పద్ధతి మారింది. ముందు చదువుతూ నడిపి, పదేపదే వచ్చే భాగాన్నే గట్టిగా మారుస్తుంది. రోజూ వాడే ఎక్కాలనే మనం కంఠస్థం చేసినట్లు!

3. స్వేచ్ఛా, భద్రతా: ఎవరో రాసిన స్క్రిప్టు మన యంత్రంలో నడుస్తుంది కనుక దాని చుట్టూ కంచె ఉండాలి. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని 'స్పెక్టర్' లోపం బయటపడింది. దాంతో బ్రౌజర్లు స్క్రిప్టులకు చూపే గడియారం ఖచ్చితత్వాన్ని తగ్గించాయి. క్రోమ్ వేర్వేరు సైట్లను వేర్వేరు ప్రాసెస్‌లలో ఉంచింది. భద్రత పెరిగింది, మెమరీ ఖర్చూ పెరిగింది.

ఇదంతా మనకెందుకంటారా? మాలో ఒకరు గడువు చివరి రోజున దరఖాస్తు పేజీ బిగుసుకుంటే కంగారుపడి 'సబ్మిట్' రెండుసార్లు నొక్కారు. ఫీజు రెండుసార్లు పోయింది. అది అమ్మ కూలి డబ్బు. పేజీ ఆగినా మన నొక్కులు పోవు, వరుసలో నిలబడతాయి. స్క్రిప్టు ఖాళీ కాగానే ఒక్కొక్కటిగా అమలు కావచ్చు.

కాబట్టి తమ్ముళ్లూ, పేజీ ఆగితే ఆగండి. డబ్బు కట్టిందో లేదో చూసుకున్నాకే మళ్లీ నొక్కండి. గడువు చివరి రోజు దాకా ఆగకండి.

– మీ పూర్వ విద్యార్థులము, మలికిపురం