వలస బతుకులు - వార్తా ప్రసారాలు

పొట్ట చేతపట్టుకొని పరాయిచోటికి వెళ్లిన మనిషికి రెండు రకాల వార్తలు కావాలి. విడిచివచ్చిన ఊరిలో ఏం జరుగుతున్నదో తెలియాలి. తలదాచుకున్న చోట ఏం జరగబోతున్నదో కూడా తెలియాలి. మొదటిదాని కోసం మనసు కొట్టుకుంటుంది. రెండవది అందకపోతే బతుకే చిక్కుల్లో పడుతుంది.

మన పూర్వకవులు మొదటిదాన్ని గురించి విరివిగా వ్రాశారు. మేఘాన్నీ, హంసనూ రాయబారులను చేశారు. భర్త దేశాంతరం వెళ్లగా ఎదురుచూసే స్త్రీని ఆలంకారికులు 'ప్రోషితభర్తృక' అని, అష్టవిధ నాయికలలో ఒకతెగా చెప్పారు. కడప సీమలో ఈ లక్షణం కొన్ని ఇళ్లలో తలకిందులైంది. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది భార్య అయితే, పిల్లలను పెట్టుకొని ఎదురుచూసేది భర్త. అతనికి ఏ లాక్షణికుడూ పేరు పెట్టలేదు. ఇక రెండవ రకం వార్తను మోసుకువచ్చే మేఘం కావ్యాలలో కనిపించదు. ఆ పని ఆధునిక కాలంలో రేడియోకూ, టెలివిజన్‌కూ వచ్చిపడింది.

టెలివిజన్ కర్నూలు జిల్లా పల్లెలకు మొదట వచ్చినప్పుడే భాష సమస్య వెంటపెట్టుకొని వచ్చింది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో 'సైట్' అనే ఉపగ్రహ బోధన ప్రయోగం జరిగింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వాటిలో కర్నూలు జిల్లా గ్రామాలూ ఉన్నాయి. తీగవలతో అల్లిన పది అడుగుల వెడల్పు గొడుగు వంటి ఏంటెనా, దాని కింద ఊరందరికీ కలిపి ఒకే టీవీ. ఆ ఉపగ్రహానికి ఒక విశేషం ఉంది. ఒకే చిత్రానికి తోడుగా రెండు ధ్వని మార్గాలను అది పంపగలిగేది. అంటే, తెరమీద కదిలే బొమ్మ ఒక్కటే అయినా ఒక ఊరివారు తెలుగు మాటలు, మరొక ఊరివారు కన్నడ మాటలు వినవచ్చు. ఇంటిలో ఒక భాష, సంతలో ఒక భాష మాట్లాడే ఆదోని, ఆలూరు సరిహద్దు పల్లెలను ఎరిగినవారికి ఈ ఏర్పాటు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే దేశానికంతటికీ ఉమ్మడిగా ప్రసారమైన అరగంట కార్యక్రమం హిందీలో సాగేది. వార్తలు దానిలోనివే. వ్యవసాయమూ, ఆరోగ్యమూ తమ భాషలో విన్న రైతుకు దేశవార్తల వేళకు బొమ్మ మాత్రమే మిగిలేది. ఏడాది ముగియగానే ఉపగ్రహం మన ఆకాశాన్ని వదిలి వెళ్లింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది.

సరిగ్గా అదే 1975లో, జూన్ నెలలో, ఆస్ట్రేలియాలోని సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలలో వలసవచ్చినవారి భాషలలో రెండు రేడియో కేంద్రాలు వెలిశాయి. కొత్తగా రానున్న 'మెడిబ్యాంక్' అనే ఆరోగ్య పథకం సంగతి ఇంగ్లీషు రానివారికి తెలియజేయడమే వాటి తొలి ఉద్దేశం. వాటినుండే ఎస్.బి.ఎస్. సంస్థ రూపొందింది, 1980లో బహుభాషా టెలివిజన్‌గా విస్తరించింది. దాని రేడియో భాషలలో తెలుగు కూడా తర్వాతి కాలంలో చేరింది. ఇక్కడ గమనింపదగినది ఒకటి ఉంది. ఆ ప్రసారాలు పుట్టింది స్వదేశపు ముచ్చట్ల కోసం కాదు, ఉన్నచోటి వ్యవహారం తెలియడం కోసం.

మన చానళ్లు మరో దారిన నడిచాయి. 1995లో తెలుగులో మొదలైన ఈటీవీ, 2000లో మరాఠీ, కన్నడ, బంగ్లా భాషలలోను, 2001లో ఉర్దూలోను చానళ్లను ప్రారంభించింది. తెలుగూ ఉర్దూ పక్కపక్కనే పెరిగిన కర్నూలు, కడప పట్టణాలలో ఒకే వీధివారికి వార్తలు రెండు భాషలలో అందసాగాయి. ఉపగ్రహ ప్రసారాల పుణ్యమా అని తెలుగు చానళ్లు గల్ఫ్ దేశాలలోని గదులలోకీ చేరాయి. ఊరి వార్త తీరింది. ఉన్నచోటి వార్త మాత్రం కొరతగానే ఉండిపోయింది.

ఆ కొరత ఎంతటిదో 1990లోనే కడప జిల్లా చవిచూసింది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఉత్తరాలు ఆగిపోయాయి, ఫోను కలవలేదు. అప్పటికి ప్రైవేటు తెలుగు చానళ్లు లేవు. కడప ఆకాశవాణి 1963 నుండి ఉన్నది గనుక రేడియో ఒకటి, దూరదర్శన్ ఒకటి, పత్రికలు దిక్కు. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుండి ఎయిరిండియా విమానాలు లక్షా డెబ్భై వేలకు పైగా భారతీయులను తీసుకువచ్చాయి. ఆ సంఖ్య వార్తల్లో వినబడేది. తమవాడు అందులో ఉన్నాడా లేదా అన్నది మాత్రం ఏ బులెటినూ చెప్పగలిగినది కాదు.

భాష మారినంత మాత్రాన వార్త అందినట్లు కాదనడానికి 2018 నాటి ఉదాహరణ ఒకటి చాలు. నివాస అనుమతి, అంటే ఇకామా, చెల్లకుండా ఉండిపోయిన విదేశీయులు జరిమానా కట్టకుండా స్వదేశం వెళ్లవచ్చునని కువైట్ ప్రభుత్వం జనవరి 29 నుండి అవకాశం ఇచ్చింది. గడువును ఏప్రిల్ 22 వరకు పొడిగించింది. దీనిని తెలుగులో 'క్షమాభిక్ష' అన్నారు. నిఘంటువు ప్రకారం తప్పులేదు. కాని క్షమాభిక్ష నేరస్థులకు పెట్టేది కదా! జీతమివ్వని యజమాని ఇంటినుండి బయటపడి, అందువల్లనే ఇకామా పోగొట్టుకున్న పనిమనిషి తనను నేరస్థురాలిగా ఎన్నడూ అనుకొని ఉండదు. ఆ మాట తనకు సంబంధించినదని ఆమెకు తట్టేదెట్లా? 'ఇకామా లేనివారు జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు' అంటే క్షణంలో తెలుస్తుంది. అనువాదకుడు పదానికి పదం వెదకాడు. వినే మనిషిని తలచుకోలేదు. గడువున్న వార్తలో ఈ లోపం చిన్నది కాదు.

దేశాంతరం పోనివారి సంగతి మరీ చిక్కు. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెలలో కరవు వచ్చినప్పుడు 'సుగ్గికి పోవడం' అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకాలం. తమ చేలో పంట లేక, ఒకరి పంట కోయడానికి పోవడానికి ఆ పేరు నిలిచింది! ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలతో సహా గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాలకు తరలిపోతారు. చేలగట్ల మీది గుడారంలో టీవీ ఉండదు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని హిందీలో లాక్‌డౌన్ ప్రకటించారు. అమలుకు వ్యవధి నాలుగు గంటలు. తెలుగు చానళ్లు ఆ సంగతిని వెంటనే తెలుగులో చెప్పాయి. అది మిరప కోతల కాలం. కర్నూలు జిల్లా కూలీలు వేలాదిగా గుంటూరు పల్లెలలో చిక్కుకుపోయారు. మరుసటి ఉదయం వారికి తెలియవలసింది దేశమంతా మూతపడిందని మాత్రమే కాదు. కోత ఆగుతుందా, ఆగితే తిండి ఎవరు పెడతారు, జిల్లా సరిహద్దు దాటనిస్తారా, బస్సు ఎక్కడినుండి బయలుదేరుతుంది? ఆ వివరాలు వారికి ఎక్కువగా సెల్‌ఫోన్ల మీదనే, ఊరివాళ్ల నోటనే, నిజమూ పుకారూ కలగలిసి చేరాయి.