గోదావరి చేపలకు గ్రుడ్ల తరుణము

తూర్పు సముద్రతీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. భద్రాచలము చెంత గోదావరికిని, దానిలో గలియు తాలిపేరు, కిన్నెరసానులకును అట్టి విరామము అవసరమే. తరుణము మాత్రము వేరు.

వానకాలమున వరద పొంగినపుడు బొచ్చె, రోహు చేపలు లోతు విడిచి ముంపు పల్లములలో గ్రుడ్లు పెట్టును. నిలువ నీటి చెరువులలో సాధారణముగా పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి చేపలకు గ్రంథి రసమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించువరకు, చెరువులలో విడుచు పిల్లలకు నదులే ముఖ్యాధారము.

వరదలో తల్లి చేపను పట్టినచో రాబోవు పంటయే పోవును. నీట విషము కలుపుట, మందుగుండు పేల్చుట 1897 నాటి మత్స్య చట్టమే నేరముగ నెంచినది. ఆ నీటినే పశువులును త్రాగును.

గ్రామ సోదరులారా! జూలై, ఆగస్టు మాసములలో గ్రుడ్డు చేపను విడువుడు. నది మీ ఋణము తీర్చును.