కోటికి ఒక్కటి: అర్ధవాహకాల్లో మాదీకరణం

మన హాస్టల్లో ఇంటర్ చదివే తమ్ముళ్ళు ఫిజిక్స్‌లో ఎక్కువగా తడబడేది అర్ధవాహకాల పాఠం దగ్గరే. నిర్వచనాలు గడగడా అప్పజెబుతారు, ‘ఎందుకు?’ అంటే ఆగిపోతారు. ఇంటికెళ్తే చెప్పేవాళ్ళు లేని చదువులు మనవి. అందుకే ఆ ‘ఎందుకు’ను ఇక్కడ చూద్దాం.

రాగిలో ప్రతి పరమాణువూ సుమారుగా ఒక ఎలక్ట్రాన్‌ను స్వేచ్ఛగా వదిలేస్తుంది. సిలికాన్ అలా వదలదు. దాని బయటి కక్ష్యలోని 4 ఎలక్ట్రాన్లూ చుట్టూ ఉన్న 4 పరమాణువులతో బంధాల్లో ఉంటాయి. గది వేడికి ఎక్కడో ఒక బంధం తెగితేనే ఒకటి బయటపడుతుంది. ఘన సెంటీమీటరు సిలికాన్‌లో పరమాణువులు 5 పక్కన 22 సున్నాలు. బయటపడే ఎలక్ట్రాన్లు సుమారు వెయ్యి కోట్లు. అంటే 5 లక్షల కోట్ల పరమాణువులకు ఒక్కటి! వేడి పెరిగితే మరిన్ని బంధాలు తెగుతాయి. అందుకే వేడికి రాగి నిరోధం పెరుగుతుంది, శుద్ధ సిలికాన్ నిరోధం తగ్గుతుంది.

ఎలక్ట్రాన్ పోయిన చోట మిగిలే ఖాళీయే రంధ్రం. భోజనాల బంతిలో ఒకడు లేస్తే పక్కవాడు ఆ చోటికి జరుగుతాడు, వాడి చోటికి ఇంకొకడు. మనుషులు ఇటు జరిగితే ఖాళీ అటు పోతుంది. రంధ్రం ధనావేశంలా నడవడం అంటే ఇదే.

ఇక మాదీకరణం, అదే డోపింగ్. ముందు సిలికాన్‌ను బాగా శుద్ధి చేసి, తర్వాత లెక్క ప్రకారం మలినం కలుపుతారు. కోటి పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువు చేర్చామనుకోండి. దాని బయటి కక్ష్యలో 5 ఎలక్ట్రాన్లు. నాలుగు బంధాల్లోకి పోతాయి, ఐదోదానికి చోటు లేదు, గది వేడికే విడిపోతుంది. ఇప్పుడు ఘన సెంటీమీటరుకు స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు 5 పక్కన 15 సున్నాలు. వెయ్యి కోట్లతో భాగించి చూడండి, 5 లక్షల రెట్లు! ఇది ఎన్-రకం. ఫాస్ఫరస్ బదులు 3 ఎలక్ట్రాన్ల బోరాన్ చేరిస్తే ఒక బంధంలో ఖాళీ ఏర్పడుతుంది. అది పి-రకం.

నందివాడ చేపల చెరువులు చూసే మనకు ఉప్పు గుర్తురావచ్చు. నీటిలో ఉప్పు పెరిగితే కరెంటు ఎక్కువ పారుతుంది కదా. కానీ ఈ పోలిక సగం దూరమే వస్తుంది. నీటిలో ఉప్పు అయాన్లే కదులుతాయి. సిలికాన్‌లో ఫాస్ఫరస్ కదలదు, దాని ఎలక్ట్రాన్ మాత్రమే కదులుతుంది.

పరీక్షల్లో మార్కులు పోయే చోటు ఒకటుంది. ఎన్-రకం ముక్కకు రుణావేశం ఉంటుందా? ఉండదు. ఫాస్ఫరస్ 15 ఎలక్ట్రాన్లతో పాటు 15 ప్రోటాన్లనూ తెచ్చింది, మొత్తం ముక్క తటస్థమే. ‘ఎన్’ అనేది నడిచే ఆవేశానికి పేరు, ముక్క ఆవేశానికి కాదు.

ఈ రెండు రకాలూ ఒకే స్ఫటికంలో కలిస్తే కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ తయారవుతుంది. సెల్‌ఫోన్ ఛార్జరులో ఏసీని డీసీగా మార్చేది అదే.