బాస్ లినక్స్‌లో డీఆర్‌ఎం ఏం చేస్తుంది?

ప్రశ్న: తమిళనాడు ప్రభుత్వం ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో బాస్ లినక్స్ వాడుతున్నాను. ఆన్ చేయగానే ‘డీఆర్‌ఎం’ అని వరుసలు వస్తున్నాయి. నా సినిమాలకు తాళం వేస్తోందా? తీసేయవచ్చా?
– ఒక విద్యార్థిని, హోసూరు

జవాబు: తీసేయకండమ్మా, తెర మొరాయిస్తుంది. సినిమాలకు తాళం వేసేది డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్. మీరు చూసింది డైరెక్ట్ రెండరింగ్ మేనేజర్. నాలుగైదు ప్రోగ్రాములు ఒకేసారి గ్రాఫిక్స్ చిప్ కోసం ఎగబడితే ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికెంత మెమరీయో చూసే కెర్నెల్ (లినక్స్ మూలభాగం) విభాగం అది. పేరు ఒకటే, చుట్టరికం లేదు.

కేఎంఎస్ కూడా కనబడితే అది కెర్నెల్ మోడ్ సెట్టింగ్. తెర రిజల్యూషన్‌ను కెర్నెలే కుదురుస్తుంది. ఇంటెల్ చిప్‌లకు 2009లో 2.6.29 కెర్నెల్‌తో వచ్చింది. విండోస్ లైసెన్సుల కేఎంఎస్ వేరు. ఇలాంటి పొట్టి పేర్లను తొలిసారైనా పూర్తిగా విప్పి రాయాలి. కొత్తవాళ్లను ఇంత భయపెట్టడం అన్యాయం.

‘ఎర్రర్’ అని వచ్చి తెర నల్లబడితే మాత్రం ఆ వరుసను ఉన్నదున్నట్టు రాసి పంపండి.